ఆ 13 ఓటముల్లో అసలు తేడా ఎక్కడ కొట్టింది?

నార్త్ కరోలినా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు 2022-23 సీజన్‌లో 20 ఆటలు గెలిచింది, 13 ఓడింది. ఆ పదమూడింటిలో పది పాయింట్లకు మించిన తేడాతో ఓడింది ఒక్కసారే, ఇండియానా చేతిలో 77-65. సీజన్ మొదలవక ముందు, విలేకరులు ఓటు వేసే ఏపీ పోల్‌లో నంబర్ వన్. మార్చి వచ్చేసరికి కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో చోటే లేదు. 1985లో టోర్నమెంట్‌ని 64 జట్లకు పెంచిన తర్వాత, నంబర్ వన్‌గా మొదలుపెట్టి టోర్నమెంట్ గడప తొక్కని మొదటి జట్టు ఇదే. ఎన్ఐటీ అనే రెండో స్థాయి టోర్నమెంట్ పిలిస్తే వద్దని చెప్పి సీజన్ ముగించేశారు.

టార్ హీల్స్ అని పిలుచుకునే ఈ జట్టు అభిమానుల మధ్య ఆ వసంతంలో మొదలైన వాదన ఇంకా చల్లారలేదు. కోచ్ హ్యూబర్ట్ డేవిస్‌కి పని రాదని ఒకరు, గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) కేలబ్ లవ్ అడ్డమైన షాట్లన్నీ వేసి ముంచాడని ఇంకొకరు, దగ్గరి ఆటల్లో అదృష్టం కలిసిరాలేదు అంతేనని మరొకరు. సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) ఆర్మాండో బేకాట్‌కి గాయాలు లేకపోతే కథ వేరుగా ఉండేదని నాలుగో వర్గం. ఇందులో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో మాత్రం లెక్క వేసి చూడొచ్చు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద కారణం జట్టులో ఏర్పడిన ఒక ఖాళీ. వెళ్ళిపోయిన ఒక ఆటగాడు చేసే పనిని తర్వాతి ఏడాది ఎవరూ చేయలేదు. ఏ జట్టు సీజన్ చెడినా, వచ్చే ఏడాది బాగుపడుతుందా లేదా అని తేల్చుకోవాలన్నా, ముందు వెతకాల్సింది ఆ ఖాళీనే.

అదృష్టం వాదనతో మొదలుపెడదాం, ఎందుకంటే అది అన్నిటికన్నా త్వరగా తేలుతుంది. ఓటముల తేడాలు వరసగా రాస్తే ఇలా ఉంటాయి: అయోవా స్టేట్‌తో 5, అలబామాతో 2, ఇండియానాతో 12, వర్జీనియా టెక్‌తో 8, పిట్స్‌బర్గ్‌తో 2, వర్జీనియాతో 7, మళ్ళీ పిట్స్‌బర్గ్‌తో 1, డ్యూక్‌తో 6, వేక్ ఫారెస్ట్‌తో 7, మయామీతో 8, ఎన్‌సీ స్టేట్‌తో 8, డ్యూక్‌తో 5, ఏసీసీ (నార్త్ కరోలినా ఆడే లీగు) టోర్నమెంట్‌లో వర్జీనియాతో 9. ఆరు పాయింట్లు, అంతకు లోపు తేడాతో పోయినవి ఆరు. దురదృష్టం అనేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. గెలిచిన వైపు కూడా అదే గీత గీయాలి కదా. గార్డ్నర్-వెబ్ మీద 72-66, ఒహాయో స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో 89-84, మిషిగన్ మీద 80-76, సిరక్యూస్ మీద 72-68, నోటర్ డేమ్ మీద 63-59. అంటే దగ్గరి ఆటలు మొత్తం 11, అందులో గెలిచినవి 5, ఓడినవి 6. నాణెం ఎగరేసినా దాదాపు ఇంతే వస్తుంది. అదృష్టం వాళ్ళ దగ్గర పెద్దగా ఏమీ దోచుకోలేదు.

అసలు చూడాల్సినవి ఏడు నుంచి తొమ్మిది పాయింట్ల తేడాతో పోయిన మిగతా ఆరు ఆటలు. ఈ తేడా చివరి షాట్ వల్ల వచ్చేది కాదు. ఆట పొడుగునా ప్రతి పది పొసెషన్లకూ ఒక పాయింటు చొప్పున కారిపోతూ ఉంటే వచ్చేది. పొసెషన్ అంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి అవతలి జట్టు చేతికి పోయేదాకా. ఒక ఆటలో ఒక్కో జట్టుకి సుమారు 70 ఉంటాయి. ఏడు పాయింట్లు అంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఇలా కారిపోవడానికి ఒక కారణం ఉండి తీరుతుంది.

ఆ కారణం తెలియాలంటే 2022 మార్చికి వెళ్ళాలి. అప్పుడు ఆ జట్టు టోర్నమెంట్‌లోకి ఎనిమిదో సీడ్‌గా (సీడ్ అంటే బలాన్ని బట్టి ఇచ్చే వరస సంఖ్య, ఒకటి అన్నిటికన్నా పైన) వెళ్ళింది. మార్కెట్‌ని 95-63తో చితక్కొట్టి, ఒకటో సీడ్ బేలర్‌ని ఓవర్‌టైమ్‌లో, ఆపైన యూసీఎల్‌ఏని, సెయింట్ పీటర్స్‌ని దాటి, సెమీఫైనల్లో డ్యూక్‌ని 81-77తో ఓడించింది. డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీకి అదే చివరి ఆట. ఫైనల్లో విరామానికి 40-25 ఆధిక్యంలో ఉండి కూడా కాన్సస్ చేతిలో 72-69తో ఓడిపోయింది. ఆ పరుగు చూసిన ఎవరికైనా గుండె నిండుతుంది, నిజమే. అయితే ఎనిమిదో సీడ్ వచ్చింది ఎందుకు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ జట్టు ఆట అంతంతమాత్రంగానే ఉంది కాబట్టి. మూడు వారాల ఆటని చూసి ఓటర్లు నంబర్ వన్ ఇచ్చారు. ఐదుగురు స్టార్టర్లలో, అంటే ఆట మొదలుపెట్టేవాళ్ళలో, నలుగురు తిరిగొస్తున్నారు, ఇంకేం కావాలి అనుకున్నారు. ఆ ఐదోవాడి గురించి ఎవరూ గట్టిగా ఆలోచించలేదు.

ఐదోవాడు బ్రేడీ మేనెక్. ఓక్లహోమా నుంచి ఒక్క ఏడాది కోసం వచ్చిన పవర్ ఫార్వర్డ్, అంటే సెంటర్‌కి జతగా ఆడే పొడుగాటి ఆటగాడు. ఆ సీజన్‌లో 40.3 శాతంతో దాదాపు వంద త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) బుట్టలో వేశాడు. అతని స్థానంలోకి నార్త్‌వెస్ట్రన్ నుంచి పీట్ నాన్స్ వచ్చాడు. కాగితం మీద ఇది బంగారం లాంటి మార్పు: అంతకు ముందు ఏడాది నాన్స్ త్రీ పాయింట్ శాతం 45. కానీ అది తక్కువ ప్రయత్నాల మీద వచ్చిన సంఖ్య. నార్త్ కరోలినాలో, నడుము నొప్పితో బాధపడుతూ, ఎత్తిన త్రీలలో మూడో వంతు కూడా బుట్టలో వేయలేకపోయాడు. తప్పు నాన్స్‌ది అనను. అతను మంచి ఆటగాడు, ఒహాయో స్టేట్ మీద ఆటని ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్ళిన షాట్ అతనిదే. ఆ సీజన్‌లో ఆ జట్టుకి కావాల్సిన ఒక్క పని మాత్రం అతని చేత కాలేదు.

ఆ పని ఏమిటో దగ్గరగా చూద్దాం. ఆర్మాండో బేకాట్ రింగ్ పక్కన, డిఫెండర్‌కి వీపు ఆనించి బంతి అందుకుంటాడు. ఒక్కడే కాపలా కాస్తే బేకాట్ భుజంతో నెట్టుకుంటూ లోపలికి పోయి వేసేస్తాడు, లేదా ఫౌల్ రాబడతాడు. కాబట్టి అవతలి జట్టు రెండో మనిషిని సాయం పంపాలి. ఎవరిని పంపుతారు? త్రీ పాయింట్ గీత దగ్గర నిలబడ్డ పవర్ ఫార్వర్డ్‌ని కాపలా కాసేవాడిని. పురుషుల కాలేజీ ఆటలో ఆ గీత 2019-20 నుంచి 22 అడుగుల 1.75 అంగుళాల దూరంలో ఉంది. సాయానికి వచ్చినవాడు ఒక కాలు పెయింట్‌లో (రింగ్ ముందున్న రంగు గడిలో) పెట్టి నిలబడితే, బంతి బయటికి వచ్చాక మళ్ళీ షూటర్ మీదికి పరిగెత్తడానికి కనీసం 15 అడుగులు దాటాలి. మంచి షూటర్‌కి ఒక సెకను చాలు.

ఇప్పుడు కోచ్‌ల లెక్క చూడండి. ఆ షూటర్ 40 శాతం వేసేవాడైతే ఒక్కో షాట్ విలువ 1.2 పాయింట్లు. 32 శాతమైతే 0.96. కాలేజీ ఆటలో ఒక పొసెషన్‌కి సగటు పాయింటుకి కాస్త పైనే. అంటే మేనెక్ ఉన్నప్పుడు సాయం పంపితే అవతలి జట్టుకి నష్టం, 32 శాతం షూటర్ ఉన్నప్పుడు పంపితే లాభం. అంతే తేడా. 2022-23లో డిఫెండర్లు పెయింట్‌లో కాళ్ళు పాతుకుని నిలబడ్డారు. ఇంకో స్టార్టర్ లీకీ బ్లాక్ గొప్ప డిఫెండర్, కానీ అతని షాట్‌కి కూడా అవతలివాళ్ళు పెద్దగా భయపడలేదు. ఐదుగురిలో ఇద్దరిని వదిలేయగలిగితే పెయింట్ సంతలా తయారవుతుంది. లవ్, ఇంకో గార్డ్ ఆర్జే డేవిస్ డ్రైవ్ చేద్దామన్నా, అంటే బంతితో రింగ్ వైపు దూసుకెళ్దామన్నా, దారి ఉండదు. బంతి ఒకరి చేతిలోనే ఆగిపోతుంది, షాట్ వేయాల్సిన గడువులో ఐదారు సెకన్లు మిగిలాక ఎవరో ఒకరు కష్టమైన షాట్ ఎత్తేస్తారు. ఆ ఏడాది జట్టు అసిస్టులు (బుట్టకి దారి తీసిన పాసులు) అంత తక్కువగా ఉండడానికీ, త్రీలు 31.2 శాతమే పడడానికీ మూలం ఇదే.

ఈ విషయం మీ జట్టు విషయంలో పట్టుకోవాలంటే స్కోర్‌కార్డు చాలు. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు ఉన్నాయి: షూటింగ్, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం), అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పితే బంతిని మళ్ళీ తామే పట్టడం), ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే దొరికే షాట్లు). ఆయన ఇచ్చిన బరువులు వరసగా 40, 25, 20, 15 శాతం. ఒక ఊహా స్కోర్‌కార్డు తీసుకుందాం. 60 షాట్లలో 22 పడ్డాయి, అందులో త్రీలు 25కి 7. ఫ్రీ త్రోలు 20కి 15. అఫెన్సివ్ రీబౌండ్లు 10, టర్నోవర్లు 12. పొసెషన్లు కావాలంటే షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రో ప్రయత్నాలను 0.475తో గుణించి కలపాలి. 60 నుంచి 10 తీసేసి, 12 కలిపి, 9.5 కలిపితే 71.5. చేసిన పాయింట్లు 66. వంద పొసెషన్లకి 92. ఇది చెత్త అఫెన్స్.

ఎక్కడ చెడింది? టర్నోవర్లు 71.5కి 12, అంటే 17 శాతం లోపు, బాగానే ఉంది. షాట్లతో పోలిస్తే ఫ్రీ త్రోలు మూడో వంతు, అదీ బాగానే ఉంది. షూటింగ్ చూడండి: పడిన షాట్లకి త్రీలలో సగం కలిపి మొత్తం ప్రయత్నాలతో భాగిస్తే 25.5 బై 60, అంటే 42.5 శాతం. రోగం ఇక్కడ ఉంది. అదే జట్టు 25 త్రీలలో 9 వేసి ఉంటే? మొత్తం 72 పాయింట్లు, వంద పొసెషన్లకి 100 దాటిపోతుంది. రెండంటే రెండు షాట్ల తేడా. నార్త్ కరోలినాది సరిగ్గా ఇలాంటి జట్టే. టర్నోవర్లు తక్కువ, ఫ్రీ త్రో గీత దగ్గరికి బాగా వెళ్ళేవాళ్ళు, బేకాట్ సగటున 10.4 రీబౌండ్లు పట్టేవాడు. మూడు అంశాల్లో బాగున్నా, 40 శాతం బరువున్న మొదటిది కుంటుపడింది. క్రికెట్‌లో మొత్తం పరుగులు కాకుండా ఓవర్‌కి ఎన్ని అని చూసినట్టే, ఇక్కడ కూడా పొసెషన్‌కి ఎన్ని అని చూడాలి. వేగంగా ఆడే జట్టు 80 పాయింట్లు చేసిందని అఫెన్స్ బాగుందనుకోవడం అభిమానుల వాదనల్లో నిత్యం కనిపించే పొరపాటు.

ఇక కేలబ్ లవ్. సగటున 16.7 పాయింట్లు, త్రీలు 29.9 శాతం. జనం కోపం అర్థం చేసుకోగలను. కానీ అతని త్రీ శాతాలు వరసగా పెట్టి చూడండి: మొదటి ఏడాది 26.6, రెండో ఏడాది 36.0, మూడో ఏడాది 29.9. తర్వాత అరిజోనాలో 33.2, 34.0. వీటిలో విడిగా నిలబడేది 2021-22 నాటి 36. ఆ ఏడాది మార్చిలో యూసీఎల్‌ఏ మీద 30, డ్యూక్ మీద 28 పాయింట్లు చేశాడు కాబట్టి అదే అసలు లవ్ అనుకున్నాం. 35 శాతం షూటర్ ఏడాదికి 200 త్రీలు వేస్తే, ఆటలో ఏ మార్పూ లేకుండానే ఒక ఏడాది 32, ఇంకో ఏడాది 38 రావడం మామూలే. మొత్తం జట్టు ఏడాదికి 750 వేస్తే ఆ ఊగిసలాట రెండు శాతం లోపుకి తగ్గుతుంది. అందుకే జట్టు శాతం మీద నమ్మకం పెట్టుకోవచ్చు, ఒక్క ఆటగాడి ఒక్క ఏడాది శాతం మీద పెట్టుకోకూడదు. ఒక కొత్తవాడు నిజంగా షూటరా కాదా తెలియాలంటే అతని ఫ్రీ త్రో శాతం చూడండి. 80 దాటితే చేతిలో స్పర్శ ఉన్నట్టు. ఫ్రీ త్రోలు 65 దగ్గర ఉండి త్రీలు 42 ఉన్నాయంటే ఆ 42 నిలవదు.

గాయాల వాదనలో నిజం ఉంది, కానీ దాని వెనక ఇంకోటి ఉంది. 2022 నవంబరు 27, ఆదివారం, పోర్ట్‌లాండ్‌లో అలబామాతో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 103-101తో ఓడారు. 40 నిమిషాల ఆట 60 నిమిషాలైంది. అక్కడి నుంచి దేశం సగం దాటి బుధవారం ఇండియానా గడ్డ మీద ఆడి ఓడారు. ఆ తర్వాతి ఆదివారం వర్జీనియా టెక్‌తో భుజం నొప్పి వల్ల బేకాట్ లేకుండా ఆడి మళ్ళీ ఓడారు. అయోవా స్టేట్‌తో కలిపి వరసగా నాలుగు. నంబర్ వన్ నుంచి ఒక్కసారిగా 18కి, అక్కడి నుంచి పోల్ బయటికి. ఒక ఆటలో ఐదుగురికీ కలిపి 200 నిమిషాలు. అందులో స్టార్టర్లే 170 ఆడుతుంటే బెంచ్ మీద ఉన్నవాళ్ళకి నేర్చుకునే నిమిషాలు ఎక్కడివి? ఆ ఏడాది బెంచ్‌కి దక్కిన నిమిషాలు చాలా తక్కువ. డిసెంబరులో బలహీన జట్ల మీద కూడా కొత్త కుర్రాళ్ళని 12, 15 నిమిషాలు ఆడించకపోతే, ఫిబ్రవరిలో అవసరం పడ్డప్పుడు వాళ్ళు సిద్ధంగా ఉండరు. కోచ్ మీద వేయదగ్గ తప్పు ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

టోర్నమెంట్‌కి ఎందుకు పిలవలేదన్నది వేరే లెక్క. ఇరవై గెలుపులు సరిపోవా అని అడిగేవాళ్ళు చాలామంది. జట్లని ఎంపిక చేసే కమిటీ ముందుండే కాగితం మీద గెలుపులు, ఓటములు క్వాడ్‌లు అనే నాలుగు గదుల్లో పేర్చి ఉంటాయి. 2018-19 నుంచి వాడుతున్న నెట్ ర్యాంకింగ్ ప్రకారం, సొంత కోర్టులో 1 నుంచి 30 ర్యాంకు జట్టుతో, తటస్థ వేదికలో 1 నుంచి 50తో, బయట 1 నుంచి 75తో ఆడితే అది క్వాడ్ 1 ఆట, అంటే అన్నిటికన్నా గట్టి రకం. నార్త్ కరోలినా క్వాడ్ 1లో 1-9, అంటే ఒక గెలుపు, తొమ్మిది ఓటములు. ఆ ఒక్కటీ ఫిబ్రవరి 25న సొంత కోర్టులో వర్జీనియా మీద 71-63. బయటికి వెళ్ళి గెలిచిన ఆటలు లూయివిల్, సిరక్యూస్, నోటర్ డేమ్, ఫ్లోరిడా స్టేట్ మీద. ఆ నాలుగు జట్లలో ఒక్కటి కూడా ఆ ఏడాది టోర్నమెంట్‌కి వెళ్ళలేదు. సొంత కోర్టులో పిట్స్‌బర్గ్‌తో 65-64గా పోయిన ఆట ఒక్కటి గెలిచి ఉంటే అని ఇప్పటికీ అంటారు. ఒక్కటి గెలిచినా సరిపోయేది కాదు, బయట ఒక గట్టి జట్టుని కొట్టాల్సింది.

తర్వాతి వసంతంలో ఏం జరిగిందో చూస్తే వాదన చాలావరకు తేలిపోతుంది. ఏడుగురు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) వెళ్ళిపోయారు, లవ్‌తో సహా. నాన్స్, లీకీ బ్లాక్‌ల కాలేజీ కాలం అయిపోయింది. అభిమానుల్లో సగం మంది జట్టు కూలిపోయిందన్నారు. వచ్చినవాళ్ళలో స్టాన్‌ఫర్డ్ నుంచి హ్యారిసన్ ఇంగ్రమ్, నోటర్ డేమ్ నుంచి కోర్మాక్ రయన్, లూయివిల్ నుంచి జేలిన్ విదర్స్ ముఖ్యులు. ఇంగ్రమ్ పవర్ ఫార్వర్డ్ స్థానంలో నిలబడి 38 శాతం పైగా త్రీలు వేశాడు, సగటున 8.8 రీబౌండ్లు పట్టాడు. మేనెక్ వదిలిన ఖాళీ నిండింది. పెయింట్ తెరుచుకుంది. ఆర్జే డేవిస్ సగటు 16 నుంచి 21.2కి ఎగబాకింది, ఏసీసీ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. అదే కోచ్, అదే సెంటర్, అదే గార్డ్. జట్టు మాత్రం 29-8, ఏసీసీలో 17-3తో మొదటి స్థానం, టోర్నమెంట్‌లో ఒకటో సీడ్. అటు లవ్ కూడా అరిజోనాలో పాక్-12 లీగు ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. అతనూ చెడ్డ ఆటగాడు కాదు, చోటు కుదరలేదంతే.

2024 మార్చి 28 రాత్రి లాస్ ఏంజిలిస్‌లో, ఒకే కోర్టు మీద, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఆటలు జరిగాయి. అరిజోనా 77-72తో క్లెమ్సన్ చేతిలో, నార్త్ కరోలినా 89-87తో అలబామా చేతిలో ఓడాయి. లవ్ ఆ రాత్రి తొమ్మిది త్రీలు వేశాడు, ఒక్కటీ పడలేదు. ఆర్జే డేవిస్ కూడా తొమ్మిది వేశాడు, ఒక్కటీ పడలేదు. ఏడాదంతా 39.8 శాతం వేసినవాడు. ఇదీ అదృష్టం అంటే. ఒక్క రాత్రిని పట్టుకుని ఆ సీజన్‌ని తీసిపారేయకూడదు. అలాగే 2022 నాటి మూడు వారాలను పట్టుకుని జట్టుని ఆకాశానికెత్తడం కూడా తప్పే.

కోచ్‌ని మార్చితే అంతా సర్దుకుంటుందన్న మాట దగ్గరికి వద్దాం. అలా కోచ్‌ని మార్చుకుని గెలిచినవాళ్ళు ఉన్నారు. లూయివిల్ 2022-23లో 4-28, మరుసటి ఏడాది 8-24. ప్యాట్ కెల్సీ వచ్చిన మొదటి సీజన్‌లోనే 27-8. మిషిగన్ 2023-24లో 8-24, డస్టీ మే వచ్చాక 27-10, బిగ్ టెన్ లీగు టోర్నమెంట్ కప్పు. ఈ రెండు చోట్లా కోచ్‌తో పాటు జట్టు కూడా మొత్తం మారిపోయింది. మిషిగన్‌కి ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వ్లాడ్ గోల్డిన్, యేల్ నుంచి డానీ వుల్ఫ్ వచ్చారు, ఇద్దరూ ఏడడుగుల వాళ్ళు. ఇంకో వైపు కాన్సస్‌ని చూడండి. బిల్ సెల్ఫ్ కన్నా పేరున్న కోచ్ ఎవరు? 2024-25లో నంబర్ వన్‌గా మొదలుపెట్టి 21-13తో, ఏడో సీడ్‌గా మొదటి ఆటలోనే ఆర్కన్సా చేతిలో ఇంటికి వచ్చారు. కోచ్ ముఖ్యం కాదని అనడం లేదు. ఈ రోజుల్లో కోచ్ చేసే అతి పెద్ద పని ఏప్రిల్ నెలలో, కొత్త ఆటగాళ్ళని తెచ్చుకునేటప్పుడు ఉంటుంది.

నార్త్ కరోలినా విషయంలోనే దానికి రుజువు ఉంది. 2024లో బేకాట్, ఇంగ్రమ్ ఇద్దరూ వెళ్ళిపోయారు. రీబౌండ్లలో సగం బరువు మోసిన ఇద్దరు. వాళ్ళ స్థానంలో ఆ ఎత్తూ ఆ బలమూ ఉన్నవాళ్ళని తేలేదు. 2024-25 సీజన్ చివరికి 6 అడుగుల 8 అంగుళాల వెన్-అలెన్ లూబిన్ సెంటర్‌గా ఆడాల్సి వచ్చింది, అతను ప్రాణం పెట్టి ఆడాడు కూడా. క్వాడ్ 1లో 1-12తో, టోర్నమెంట్ జట్లని ప్రకటించే సెలెక్షన్ ఆదివారానికి చేరారు. ఆఖరి జట్లలో ఒకటిగా లోపలికి వచ్చి, శాన్ డియాగో స్టేట్‌ని 95-68తో ఓడించి, ఓల్ మిస్ చేతిలో 71-64తో ఆగిపోయారు. 29 గెలిచిన కోచే ఇక్కడా ఉన్నాడు. మారింది ఖాళీ ఉన్న చోటు.

అందుకే వచ్చే సీజన్ గురించి మాట్లాడే ముందు ఒక కాగితం తీసుకోండి. పోయిన ఏడాది సగటున ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాయండి, మొత్తం 200 రావాలి. కాలేజీ కాలం అయిపోయినవాళ్ళని కొట్టేయండి. పోర్టల్‌లోకి వెళ్ళినవాళ్ళని కొట్టేయండి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి పేరిచ్చినవాళ్ళ పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, వాళ్ళ సంగతి మే నెలాఖరుకి గానీ తేలదు. మిగిలిన నిమిషాలు 80 దాటితే పునాది ఉన్నట్టు. తర్వాత పోయిన ప్రతి ఒక్కరి పక్కన వాళ్ళు చేసే పని ఒక్క ముక్కలో రాయండి: బయట నుంచి షూటింగ్, రింగ్ దగ్గర కాపలా, బంతి పైకి తేవడం, అవతలి బెస్ట్ గార్డ్‌ని పట్టడం. వచ్చినవాళ్ళని పేరు చూసి కాకుండా ఆ పని ఎదురుగా పెట్టండి. ఏ పని ఎదురుగా ఎవరూ లేరో అదే మీ జట్టు జనవరిలో ఓడే కారణం.

ఇందులో ఎక్కువమంది పొరబడేది చిన్న లీగుల నుంచి వచ్చేవాళ్ళ సంఖ్యల దగ్గర. బెల్మాంట్‌లో సగటున 16 పాయింట్లు, 46 శాతం త్రీలు వేసిన కేడ్ టైసన్ 2024-25లో నార్త్ కరోలినాకి వచ్చి సగటున 3 పాయింట్లు కూడా చేయలేకపోయాడు. అక్కడ షాట్ ఎత్తడానికి దొరికిన జాగా ఇక్కడ దొరకదు, డిఫెన్స్‌లో కాళ్ళు అందకపోతే కోచ్ నిమిషాలివ్వడు. ఇచ్చిన నాలుగు నిమిషాల్లో చలికాలంలో బిగుసుకుపోయిన చేతితో షాట్ పడదు. పైకి వచ్చే ఆటగాడి పాయింట్లలో మూడో వంతు కోసేసి లెక్క వేసుకోవడం నా పద్ధతి. రీబౌండ్లు అంతగా తగ్గవు, ఎత్తూ చురుకూ ఎక్కడికి వెళ్ళినా వెంటే ఉంటాయి.

నిబంధనలు మారిన తీరు కూడా లెక్కలో ఉండాలి. 2018 అక్టోబరులో పోర్టల్ మొదలైంది. 2021లో, కాలేజీ ఒకసారి మారితే ఏడాది ఆట ఆపి కూర్చోనక్కర్లేదన్నారు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా, చదువు సరిగా ఉంటే, వెంటనే ఆడొచ్చు. 2025 జులై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి అన్ని ఆటలకీ కలిపి ఒక్కో కాలేజీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. బాస్కెట్‌బాల్ జట్టులో 15 మందికి మించకూడదు. మూడేళ్ళు ఓపిక పట్టండి, కుర్రాళ్ళు ఎదుగుతారు అన్న పాత మాట ఇందుకే ఇప్పుడు నిలబడదు. బెంచ్ మీద ఎదిగే కుర్రాడిని ఇంకో జట్టు ఏప్రిల్‌లో ఎత్తుకుపోతుంది. అదే సమయంలో, 8-24 జట్టు కూడా ఒక్క వేసవిలో లేచి నిలబడగలదు.

2025 తొలి నెలల్లో నార్త్ కరోలినా ఈ పనులు చూడడానికి జిమ్ టానర్‌ని జనరల్ మేనేజర్‌గా పెట్టుకుంది. ఆ వసంతంలో వచ్చినవాళ్ళ జాబితా చూడండి: అరిజోనా నుంచి ఏడడుగుల హెన్రీ వేసార్, అలబామా నుంచి పొడుగాటి ఫార్వర్డ్ జారిన్ స్టీవెన్‌సన్, హైస్కూల్ నుంచి 6 అడుగుల 10 అంగుళాల కేలబ్ విల్సన్. ముగ్గురూ ఫ్రంట్‌కోర్టు వాళ్ళే, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగువాళ్ళే.